కారు నోరు ఎక్కడుండాలి

ఈ మధ్య కారు కొనుక్కున్న కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చి ముందు చూపించేది కారు కాదు, ఫోను. అందులో ఎవడో బానెట్ ఎత్తి, కంపెనీ ఇచ్చిన నల్లటి గాలి డబ్బా పీకి అవతల పారేసి, దాని స్థానంలో గరాటు ఆకారంలో మెరిసే ఫిల్టరు బిగించి, యాక్సిలరేటరు తొక్కుతుంటాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు. "ఇలాంటిది పెట్టండి తాతా, పికప్ అదిరిపోద్దంట" అంటారు. షెడ్డు మూసేశానురా బాబూ అన్నా వినరు. అందుకే ఈ ఒక్క సంగతి కాగితం మీద పెడుతున్నాను. ఇకమీద వచ్చినవాడి చేతిలో ఇది పెట్టి, నేను హాయిగా టీ తాగుతాను.

నా ఉద్యోగమంతా ఒడిశాలోని సునాబెడలో గడిచింది. విమానాల ఇంజన్లు నడిపి చూసే పరీక్ష హాలులో పని. ఇంజన్ని ఇనుప చట్రానికి బిగించి, మేం గోడ అవతల మందపాటి అద్దం వెనక నిలబడి నడిపించేవాళ్ళం. ఇంజను గాలి పీల్చుకునే చోట, ముందువైపు, బూర ఆకారంలో ఒక అల్యూమినియం మూతి ఉండేది. బెల్‌మౌత్ అంటారు. గాలి ఎక్కడా తడబడకుండా నున్నగా లోపలికి జారడానికి అది.

ఆ హాలులో మాకో ఆనవాయితీ ఉండేది. ఇంజను స్టార్ట్ చేసే ముందు, ఆ మూతి ఎవడు బిగించాడో వాడే దాని ఎదురుగా నిలబడాలి. కిందా మీదా చూడాలి, లోపల చెయ్యి పెట్టి తడమాలి, అప్పుడు అందరికీ వినిపించేలా "సామ్నే సాఫ్" అనాలి. ముందు ఏమీ లేదు అని. ఒడియా వాళ్ళు, హిందీ వాళ్ళు, మనవాళ్ళు, ఎవరైనా సరే ఆ రెండు ముక్కలే. ఎదురుగా ఒక నట్టో, గుడ్డ పేలికో పడి ఉంటే ఇంజను మింగేస్తుంది. మింగితే లోపలున్న రెక్కలన్నీ నాశనం. నోటి మాటకి అంత విలువిచ్చిన చోటు నేను మళ్ళీ చూడలేదు.

రిటైరయ్యాక రాయగడ వచ్చి, కోరాపుట్ వెళ్ళే రోడ్డు పక్కన చిన్న రిపేరు షెడ్డు వేశాను. భాగస్వామి నాతోపాటే రిటైరైన రేకు పనివాడు. అతనిదీ నాదీ శ్రీకాకుళం వైపు పల్లెలే. చుట్టరికం ఏమీ లేకపోయినా జీవితమంతా బావా అంటే బావా అనుకున్నాం. భుజం మీద ఎప్పుడూ ముదురెరుపు రంగు కొట్పాడ్ నేత తువ్వాలు, చేతిలో చెక్క సుత్తి. అతను చదును చేసిన రేకు మీద వేలితో రాస్తే ఎక్కడ సుత్తి పడిందో తెలిసేది కాదు. ఆ సంగతి మనం మెచ్చుకునే లోపు తనే చెప్పేవాడు, అదొక్కటే చిక్కు.

ఒకరోజు పొద్దున్నే షెడ్డు ముందుకు ఒక చిన్న కారు వచ్చి ఆగింది. రావడం చప్పుడుతోనే వచ్చింది. దిగింది చూస్తే పాతికేళ్ళ ఆడపిల్ల. గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. అన్న ట్రాక్టరు మీద డ్రైవింగ్ నేర్చుకుని, పాత కారొకటి కొని, రాయగడలో గది తీసుకుని టాక్సీ తిప్పుతోంది. ఘాట్ పైన ఉన్న ఒక బడికి రోజూ నలుగురు టీచర్లని తీసుకెళ్ళి తీసుకొస్తుంది. ఆ ట్రిప్పే ఆమెకి ఆధారం.

బానెట్ ఎత్తి చూపించింది. కారు అమ్మిన కుర్రాడు అసలు గాలి డబ్బా ఎప్పుడో పారేసి గరాటు ఫిల్టరు పెట్టాడు. సరిగ్గా రేడియేటరు వెనక, సైలెన్సరు గొట్టం పక్కన.

"బాబాయ్, ఇది సాలట్లేదు. దీనికంటే పెద్దది కావాల" అంది.

"ఏటి సాలట్లేదు?"

"ఘాట్‌లో పెద్ద మలుపుంది కదా. అక్కడ ఎక్కదు. ముందు సీట్లో కూకున్న టీచరమ్మ దిగి నడుస్తది. ఆవిడికి మోకాళ్ళ నొప్పి. దిగకపోతే బండి కదల్దు, దిగితే నాకు సిగ్గు."

ఆ టీచరమ్మే నలుగురిలో పెద్దావిడ. మంచి మనిషి, గట్టి మనిషి. నెలాఖరు దాకా చూస్తాననీ, అప్పటికీ కారు ఇలాగే ఉంటే జీపు మాట్లాడుకుంటామనీ మొహం మీదే చెప్పిందట.

"జీపు మాటాడుకుంటే నువ్వేటి సేస్తావు అమ్మీ?"

"మా అన్న పొలంలో కలుపు తియ్యడానికి ఎల్లాల." తల అడ్డంగా ఊపి, "ఎల్లను" అంది.

ఆ ఒక్క మాటతో నాకా పిల్ల నచ్చింది.

కారు తీసుకుని ఘాట్ సగం దాకా ఎక్కి దిగి వచ్చాం. షెడ్డులో బానెట్ ఎత్తి, ఆ గరాటు పక్కన చెయ్యి పెట్టమన్నాను. పెట్టిన మరుక్షణం వెనక్కి తీసేసింది.

"పొయ్యి మీద మొకం పెట్టుకుని కొండెక్కమంటే నువ్వెక్కుతావేటి?" అన్నాను.

వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఇంజనుకి కడుపు నిండదు. మైదానంలో వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఎంతోకొంత చల్లబరుస్తుంది కాబట్టి తెలియదు. ఘాట్‌లో లారీ వెనక మెల్లగా పాకుతున్నప్పుడు తెలుస్తుంది. గరాటు ఎంత పెద్దది పెడితే అంత వేడిగాలి తాగుతుంది, అంతే తేడా. పైగా పాత ఫిల్టరు దులిపితే ఆ దారిలోని ఎర్రమట్టంతా మా బల్ల మీద పడింది.

"అయితే ఈ సౌండు పోద్దేటి?" అని అడిగింది. నిజం చెప్పాలి కదా, పోతుందన్నాను. "పోనీ బాబాయ్. సౌండు టీచరమ్మని మొయ్యదు కదా."

ఇప్పుడు చదువుతున్న కుర్రాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవండి.

ఆ మోడలుకి అసలు డబ్బా ఎక్కడా దొరకలేదు. విశాఖలో తెలిసిన విడిభాగాల కొట్టుకి ఫోన్ చేస్తే బయటి కంపెనీలవి రెండు రకాలున్నాయన్నాడు. ఒకటి నూనె రాసి వాడే నూలు ఫిల్టరు, కడుక్కుని మళ్ళీ వాడుకోవచ్చు. మా బావ దానికి ఓటేశాడు. నేను ఒప్పుకోలేదు. మన రోడ్ల ఎర్రధూళి ఆ నూనెకి తగిలితే బురద ముద్దవుతుంది. నూనె కాస్త ఎక్కువైతే లోపలి సెన్సరు మీద పడి కొత్త జబ్బు తెస్తుంది. రెండోది మూత ఉన్న నల్ల డబ్బా, లోపల పొడి ఫిల్టరు, బయటి గాలి తెచ్చుకోవడానికి వంగే గొట్టం. చూడ్డానికి ఏ అందమూ లేదు, టిఫిన్ క్యారేజీలా ఉంటుంది. ఇంజను గాలి మూతి కొలత, గొట్టం కొలత సరిపోతాయని రూఢి చేసుకుని దాన్నే తెప్పించాం. కొత్త బలమేదీ రాదనీ, పోయిన ఊపిరి మాత్రం తిరిగొస్తుందనీ ఆ పిల్లకి ముందే చెప్పాను. నాకదే కావాలంది.

పార్సిలు బస్సులో వచ్చింది. ఆదివారం బిగించడానికి కూర్చున్నాం. డబ్బా బ్యాటరీకి తగులుతుంటే మా బావ చిన్న బ్రాకెట్ చేసి, అదిరిపోకుండా రబ్బరు వేసి పక్కకి జరిపాడు. గాలి వేడిని కొలిచే సెన్సరుని కొత్త గొట్టంలో కుదిర్చాను. ఇంజను లోపలి ఆవిరిని తెచ్చే సన్న పైపు కలిపాను. క్లాంపులు బిగించాను. డబ్బాతో వచ్చిన కాగితంలో, గొట్టం చివర హెడ్‌లైటు వెనక, పైన పెట్టమని బొమ్మ వేసి ఉంది. దాన్ని పాటించి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

మా బావ ఆ గొట్టం చివరని కాసేపు తేరిపార చూశాడు.

"ఇదేటి బావా, గొట్టాన్ని గాలికొదిలీసి ఊరుకోడమేటి. దీనికి మూతి ఉండాల."

"ఉండాల" అన్నాను నేను కూడా. మరి మా బతుకంతా బెల్‌మౌత్‌ల మధ్యే గడిచింది.

అల్యూమినియం రేకు తీశాడు. పొద్దెక్కేదాకా కొట్టాడు, మధ్యాహ్నం దాకా నునుపు పట్టాడు. అరచేతి వెడల్పు బెల్‌మౌత్ తయారైంది. మొహం చూసుకోవచ్చు అందులో. దాన్ని పెట్టడానికి చోటు వెతికాం. ఎదురుగాలి తిన్నగా తగలాలి, వంపులుండకూడదు. అలాంటి చోటు బంపరు కింద జాలీ దగ్గర దొరికింది. అక్కడ బిగించి, ఇద్దరం నాలుగడుగులు వెనక్కి వేసి చూసి మురిసిపోయాం. మా పరీక్ష హాలుకి నాలుగువైపులా గోడలు, పైన కప్పు ఉండేవని, ఇంజన్ని వానలో నడపడం మేం ఒక్కరోజూ చూడలేదని ఆ మురిపెంలో ఇద్దరికీ తట్టలేదు. ఇంకెవరైనా మామూలు మెకానిక్ అయితే ఈ తప్పు చెయ్యడు. దీనికి మా అనుభవమే కావాలి.

స్టార్ట్ చేసే ముందు మా బావ అలవాటుగా కారు ఎదురుగా నిలబడి, మూతిలో చెయ్యి పెట్టి తడిమి, "సామ్నే సాఫ్" అని కేకేశాడు. ఆ పిల్ల నవ్వింది.

"ఎవులికి సెప్తన్నావు తాతా?"

అతన్ని తాతా అనేది, నన్ను బాబాయ్ అనేది. దానికతను అలిగేవాడు. అయినా ఆ ఆనవాయితీ ఏమిటో, ఎందుకో ఓపిగ్గా చెప్పాడు. చివర్లో, "సూడకండా అనకూడదు. నిజం కాకపోతే అనకూడదు. అనకండా తాళం తిప్పకూడదు" అన్నాడు. ఆ పిల్ల నవ్వాపేసింది. ఇకనుంచి తనూ అంటానంది. ఆ సాయంత్రం ఊరి చుట్టూ తిప్పి చూస్తూ ఎన్నిసార్లు ఇంజను ఆపితే అన్నిసార్లు దిగి, వంగి, చెయ్యి పెట్టి చూసి, అని, అప్పుడే తాళం తిప్పింది. పక్కనుంచి పోయే ఆటోవాళ్ళు వేళాకోళం చేసినా లెక్కచెయ్యలేదు.

తెల్లవారితే సోమవారం. నెలాఖరు ముంచుకొచ్చింది. ఇద్దరు టీచర్లు వేరే ఊళ్ళో పరీక్షల పనికి వెళ్ళారు కాబట్టి రెండు సీట్లు ఖాళీ. అందులో నేనూ మా బావా ఎక్కాం. వెనక సీట్లో లెక్కల మాస్టారితో కలిపి ముగ్గురం ఇరుక్కున్నాం. ముందు టీచరమ్మ. కారు నిండుగా ఉంది, పరీక్ష నికరంగా జరుగుతుంది.

టీచరమ్మ ఎక్కగానే చెప్పులు విప్పి పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని సర్దుకుంది. రోజూ అంతేనట. పెద్ద మలుపు వచ్చినప్పుడు వంగి మళ్ళీ తొడుక్కుని దిగుతుంది.

"ఇవాళైనా ఎక్కిస్తావా అమ్మీ?" అంది నవ్వుతూనే. నవ్వు కింద మాట ఏమిటో కారులో అందరికీ తెలుసు.

"సూద్దారి టీచరమ్మా" అంది ఆ పిల్ల.

రాత్రి నుంచీ వాన. తెల్లారేసరికి తుంపరగా మారింది కానీ, ఘాట్ మొదలయ్యే చోట ఉన్న కల్వర్టు మీదికి నీళ్ళు వచ్చేశాయి. ఎర్రటి నీళ్ళు, రోడ్డు అడ్డంగా నిలిచి ఉన్నాయి. ఆమె కారు ఆపి, ఇంజను కూడా ఆపేసి చూసింది. మా కళ్ళముందే ఒక బస్సు దాటింది. ఒక ఆటో దాటింది. ఆటోకి చక్రాలు సగం మునిగాయి, అంతే.

"అందరూ వెళ్తున్నారు కదమ్మా, పద. ప్రార్థనకి బెల్లు కొట్టేస్తారు" అన్నారు లెక్కల మాస్టారు.

ఆమె తాళం మీద చెయ్యి వేసి, ఆగి, తలుపు తీసుకుని దిగింది. ఇంజను ఆపింది కదా, మళ్ళీ స్టార్ట్ చెయ్యాలంటే ఆ మాట అనాలి. కారు ఎదురుగా వెళ్ళి నిలబడింది. వంగి మూతిలో చెయ్యి పెట్టింది. నిటారుగా నిలబడి నీళ్ళకేసి చూసింది. మళ్ళీ వంగి మూతిని చూసింది. మేం లోపల ఎదురుచూస్తున్నాం. మాట రాలేదు.

నేను అద్దం దించి, "ఏటయింది అమ్మీ?" అన్నాను.

"ఎలాగంతాను బాబాయ్. సాఫ్ నేదు. ముందు నీళ్ళున్నాయి."

అప్పుడు వెలిగింది నాకు. ఆ నీళ్ళలోకి దిగితే మా ముద్దుల మూతి మునిగిపోతుంది. ఇంజను గాలికి బదులు నీళ్ళు తాగుతుంది. గాలిని నొక్కితే అణుగుతుంది, నీళ్ళు అణగవు. లోపల కడ్డీలు వంగిపోయి ఇంజను అక్కడికక్కడే చస్తుంది. ఇంజను పోయాక నెలాఖరు దాకా ఆగేదేముంది, ఆ రోజుతోనే ఆ పిల్ల బతుకుతెరువు అయిపోయేది. అంతపనీ మేమిద్దరం ముచ్చటపడి చేసినదాని వల్ల.

మా బావ అప్పటికే దిగిపోయాడు. మూతి ముందు గొంతుక్కూర్చుని, చేత్తో నీటి ఎత్తు చూసుకున్నాడు. స్క్రూడ్రైవరు పట్టుకుని నేను వంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెట్టినోడే తియ్యాల బావా. ఇలాగియ్యి."

బురదలో మోకాళ్ళానించి క్లాంపు వదులు చేశాడు. బెల్‌మౌత్ ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని నాకిచ్చి, బంపరు కిందనుంచి గొట్టాన్ని పైకి లాగి, కాగితం మీద బొమ్మలో ఉన్న చోటికే, హెడ్‌లైటు వెనక బానెట్ అంచు దగ్గరికి తెచ్చాడు. అక్కడ దాన్ని పట్టి ఉంచడానికి మా దగ్గర ఏమీ లేదు. భుజం మీద తువ్వాలు తీసి, పొడవుగా మడిచి, గొట్టాన్ని హెడ్‌లైటు చట్రానికి రెండు చుట్లు చుట్టి ముడేశాడు. కొసలు గాలి నోటి దగ్గరికి రాకుండా వెనక్కి దోపాడు. గుంజి చూశాడు. కదల్లేదు.

తరువాత కారు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బిగించినవాడే అనాలి కదా. గొట్టంలో చెయ్యి పెట్టాడు. నీటి ఎత్తు చూశాడు, గొట్టం ఎత్తు చూశాడు, మళ్ళీ నీటిని చూశాడు. హాలులో అయితే ఆ పని చిటికెలో ముగించేవాడు.

"సామ్నే సాఫ్" అన్నాడు. కేక కాదు, మామూలు గొంతే. ఆ ముసలివాడి మీద ఆ క్షణంలో నాకు కలిగినంత గౌరవం ఏ పై అధికారి మీదా కలగలేదు.

ఆ పిల్ల మొదటి గేరులో, మధ్యలో ఎక్కడా ఆపకుండా, ఒకే వేగంతో నీళ్ళు దాటించింది.

ఆ బెల్‌మౌత్ ఏమైందని అడిగేవాళ్ళు ఉంటారు. షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాం. వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే మా బావే మొత్తం కథ చెప్పేవాడు, తను చేసిన పొరపాటు దగ్గర గొంతు పెంచి మరీ. గొట్టానికి ఇనుప పట్టీ చేసి సరిగ్గా బిగించాక ఆ పిల్ల తువ్వాలు ఉతికి తెచ్చిస్తే, నీ దగ్గరే ఉంచు, అద్దం తుడుచుకో అన్నాడు. ఈ రోజుకీ రాయగడ స్టాండులో ఆమె కారు ఎదురుగా వంగి ఆ రెండు ముక్కలూ అన్నాకే తాళం తిప్పుతుంది. మొదట వేళాకోళం చేసిన ఆటోవాళ్ళలో ఒకరిద్దరు వానాకాలంలో తామూ అంటున్నారని విన్నాను. మీరు ఏ ఫిల్టరైనా కొనండి, మీ డబ్బు మీ ఇష్టం. అది పీల్చే గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు వంగి చూడండి. నేను చెప్పేది అంతే.

ఇక ఆ సోమవారం పెద్ద మలుపు దగ్గరికొద్దాం. మా ముందు ఒక లారీ, నిండు లోడుతో. దాన్ని దాటే సందు లేదు, ఆగితే మళ్ళీ కదలడం కష్టం. అచ్చంగా రోజూ కారు చతికిలబడే పరిస్థితే. వెనక సీట్లో మేం ముగ్గురం మా బరువు తగ్గుతుందన్నట్టు ఊపిరి బిగబట్టాం. మా బావ తన బెల్‌మౌత్‌ని నా దగ్గర్నుంచి తీసుకుని ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాడు.

టీచరమ్మ అలవాటుగా ముందుకు వంగి చెప్పుల కోసం చెయ్యి చాపింది. ఒకటి చేతిలోకి తీసుకుంది.

"టీచరమ్మా, దిగొద్దు. కూకోండి" అంది ఆ పిల్ల, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

గేరు మార్చింది. ఇంజను మూలిగింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. బరువు ఎత్తుతున్న మూలుగే, ఉక్కిరిబిక్కిరి అవుతున్నది కాదు. ఆ రెండింటికీ తేడా వినడానికే కదా నాకు జీవితమంతా జీతమిచ్చారు. లారీ పొగ వదులుతూ మలుపు తిరిగింది. దాని వెనకే మేమూ తిరిగాం. మెల్లగా, చాలా మెల్లగా, అయినా ఆగకుండా. రోజూ టీచరమ్మ దిగే రాయి దగ్గరికి వచ్చాం, అది వెనక్కి పోయింది. రోజూ ఆవిడ నడిచి వచ్చి మళ్ళీ ఎక్కే చోటూ వెనక్కి పోయింది. రోడ్డు చదునైంది.

ఆ పిల్ల కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటో ఇంకోటో నేను చూడలేదు. టీచరమ్మ చేతిలోని చెప్పుని కాసేపు అలాగే పట్టుకుని, కింద రెండోదాని పక్కన మళ్ళీ పెట్టి, కాళ్ళు ముడుచుకుని సీట్లో వెనక్కి వాలింది.

ఆ రోజు ఆవిడ చెప్పులు తొడుక్కున్నది బడి గేటు దగ్గరే.